ఏ కాలమ్‌లోనూ లేని ఆడవాళ్ళు

2025 అక్టోబరు 31న చిత్తూరు కోర్టు అయిదుగురికి ఉరిశిక్ష వేసింది. 2015 నవంబరు 17న అదే ఊళ్ళో, నగరపాలక సంస్థ ఆఫీసులో, మేయర్ కఠారి అనురాధనూ ఆమె భర్త మోహన్‌నూ చంపిన కేసు అది. తీర్పు రావడానికి పదేళ్ళు పట్టింది. మిగిలిన నిందితులను కోర్టు విడిచిపెట్టింది. ప్రధాన ముద్దాయి మోహన్‌కు మేనల్లుడు.

ఆ వారమంతా టీవీలు బురఖాల్లో వచ్చిన హంతకుల గురించీ, పాత కక్షల గురించీ, రాజకీయాల గురించీ చెప్పిందే చెప్పాయి. 'మేనల్లుడు' అన్న మాటను వందసార్లు పలికి ఉంటాయి. ఆ మాటలో ఒక ఆడమనిషి ఉంది. ఒకరికి తోబుట్టువూ ఇంకొకరికి తల్లీ అయిన స్త్రీ లేకుండా తెలుగులో ఆ చుట్టరికమే లేదు. చనిపోయినవాడూ చంపినవాడూ ఆ వరస వాళ్ళయినప్పుడు ఆమె ఏ గడప ముందు కూర్చుని ఏడవాలి?

ఆ కుటుంబపు ఆడవాళ్ళ గురించి నేను రాయబోవడం లేదు. వాళ్ళ దుఃఖాన్ని పత్రికకెక్కించే హక్కు నాకు లేదు. నా తగాదా మనతో, అంటే రాసే ఆడవాళ్ళతో.

తిరుపతిలో ఒక సాహిత్య సభలో ఈ ప్రశ్న ఎత్తితే, నేను గౌరవించే ఒక పెద్ద రచయిత్రి అన్నారు: "హంతకుడి పెళ్ళాం గురించి ఏడవడానికి మనకు తీరికెక్కడిదమ్మా? చచ్చినవాడి పెళ్ళాం గురించే ఇంకా రాసి అయిపోలేదు." చాలామంది తలలూపారు. ఈ మాట కరకుగా ఉందని కాదు నా బాధ. ఇది అచ్చంగా ఫ్యాక్షన్ తర్కం. మా సీమలో మనిషిని ముందు అడిగేది 'నువ్వు ఏ పక్కమ్మా?' అని. ఈ పక్క ఏడుస్తే ఆ పక్క ఏడవకూడదు. మగవాళ్ళు గీసిన ఆ గీతను స్త్రీవాదులం మనమూ ఎందుకు పాటించాలి? మేయర్ కుర్చీలో ఉన్న స్త్రీని ఆమె ఆఫీసులోనే చంపడం మీద నాకున్న కోపం, శిక్ష పడినవాళ్ళ ఇళ్ళలో ఎవరు వంట చేస్తున్నారని అడిగినంత మాత్రాన తగ్గదు.

నా పరిశోధన పని మీద తిరుపతి నుంచి కడపలోని బ్రౌన్ గ్రంథాలయానికి తరచూ వెళ్తుంటాను. కోడూరు, రాజంపేట, ఒంటిమిట్ట మీదుగా పోయే ఆ బస్సులో జైలుకు వెళ్ళే ఆడవాళ్ళను గుర్తుపట్టడం కష్టం కాదు. చిత్తూరు, తిరుపతి కోర్టుల్లో జీవిత ఖైదు పడ్డవాళ్ళను ఎక్కువగా కడప సెంట్రల్ జైలుకే పంపుతారు. చేతిలో గుడ్డ సంచి, అందులో ఒక జత బనియన్లు, ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఆధార్ కార్డు. లోపలికి ఏది పోనిస్తారో ఏది తిప్పి పంపుతారో వాళ్ళకు కంఠతా వచ్చు. అలా పరిచయమైన ఒకామె చంద్రగిరి దగ్గరి పల్లె మనిషి. ఇప్పుడు తిరుపతిలో పూలు కట్టి అమ్ముతుంది. పొలం గట్టు తగాదాలో ఆమె భర్త తన పెదనాయన కొడుకునే కొడవలితో నరికాడు. చనిపోయినవాళ్ళ ఇల్లూ వీళ్ళ ఇల్లూ ఒకే వీధి. అత్త ఆ వీధిలోనే ఉండిపోయింది. ఈమె పిల్లల్ని తీసుకుని వచ్చేసింది.

ఆమె చెప్పినవాటిలో నేను ఊహించనివి కొన్ని ఉన్నాయి. "మా ఆయన కొట్టేవోడు మేడమ్. ఆయన లోపలికి పొయినాక నాకు నిద్ర పడతా ఉంది. ఈ మాట బయట చెప్తే అందురూ నన్నే తిడతారు. కూడు లేకుండా పొయింది, అదీ నిజమే." మళ్ళీ తనే, "సూసేదానికి పోకపోతే పిల్లోల్లు అడగతారు గదా" అంది. సావిత్రి కథ విని పెరిగిన మనకు ఈ మనిషి అర్థం కాదు. మొగుడి ప్రాణం కోసం యముడి వెంటపడే భార్య, లేదంటే పాపిష్టివాణ్ణి విడిచి బయటికి నడిచే భార్య. మన కథల్లో ఈ ఇద్దరికే చోటుంది. శిక్ష వల్ల నిద్ర దొరికి, తిండి పోయి, అయినా నెల నెలా బస్సెక్కే మనిషికి లేదు.

అర ఎకరం వకీలు ఫీజుకు పోయింది. కూతురికి కుదిరిన సంబంధం 'మర్డర్ కేసోళ్ళ ఇల్లు' అని తప్పిపోయింది. కొడుకు పదో తరగతి మధ్యలో మానేసి హోటల్లో టేబుళ్ళు తుడుస్తున్నాడు. పింఛనుకు పోతే ఆమె ఏ కాలమ్‌లోనూ పట్టలేదు. వితంతువు కాదు, భర్త బతికే ఉన్నాడు. ఒంటరి మహిళ కూడా కాదు, ఎందుకంటే విడిపోలేదు. 'వదిలేసినట్టు రాయించుకో, చూద్దాం' అన్నాడట అక్కడి ఉద్యోగి. ఆమె రాయించుకోలేదు. ప్రేమ వల్ల అనుకుంటే పొరబాటు. వదిలేసినట్టు కాగితం మీద ఉంటే, మిగిలిన పొలంలో పిల్లల భాగం అడిగేటప్పుడు తన నోరు మూయిస్తారని ఆమె లెక్క. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఉచిత బస్సు వచ్చాక ఆమె ములాఖత్‌కు ఎక్కువసార్లు పోగలుగుతోంది. ఖైదీ భార్యకు ప్రభుత్వం తెలియకుండా చేసిన మేలు ఇదొక్కటే అనిపిస్తుంది నాకు.

నేరం చేసినవాడిదే శిక్ష, ఇంటివాళ్ళకు దానితో సంబంధం లేదు అంటుంది చట్టం. వినడానికి ఎంత న్యాయంగా ఉంటుంది! చట్టం పుస్తకాల్లోనే కాస్త లోపలికి వెళ్ళి చూడండి. హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ ప్రకారం హత్య చేసినవాడికి హతుడి ఆస్తి రాదు. న్యాయమే. తమిళనాడులో తండ్రి చావుకు కారణమైన ఒక కొడుకు భార్య, తన భర్తకు రాకపోయినా ఆ ఇంటి కోడలిగా తనకు భాగం రావాలని కోర్టుకెక్కింది. 2005లో సుప్రీంకోర్టు కుదరదంది. తండ్రి కంటే కొడుకు ముందే చనిపోయినట్టు భావించాలి, అతని ద్వారా హక్కు అడిగే భార్యకూ ఏమీ రాదు అని తేల్చింది. అంటే ఆస్తి దగ్గర మొగుడు చచ్చినవాడితో సమానం. పింఛను దగ్గరికి వచ్చేసరికి మాత్రం బతికి ఉన్నవాడు!

విడాకుల సంగతీ అంతే. ప్రత్యేక వివాహ చట్టంలో ఏడేళ్ళు, అంతకు మించి జైలుశిక్ష పడిన భర్త నుంచి విడాకులు కోరవచ్చు. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టమూ ముస్లిం స్త్రీకి అదే ఏడేళ్ళ శిక్ష మీద ఆ హక్కు ఇచ్చింది. 1955 హిందూ వివాహ చట్టంలో అసలు ఆ కారణమే లేదు. భర్తకు జీవిత ఖైదు పడ్డ హిందూ స్త్రీ విడిపోవాలంటే క్రూరత్వమో మరొకటో వేరుగా రుజువు చేసుకోవాలి. ఉమ్మడి పౌరస్మృతి మీద ఎన్ని సెమినార్లలో కూర్చున్నామో. ఈ తేడా గురించి ఒక్క పేపరు కూడా నేను వినలేదు.

విచారణ జరిగినన్నాళ్ళూ కోర్టుకు ఈ ఇల్లాలు అక్కర్లేదు. నేరం రుజువయ్యాక, శిక్ష ఎంత అని తేల్చే ముందు మాత్రం ముద్దాయిని అడుగుతారు, చెప్పుకునేదేమైనా ఉందా అని. అప్పుడు వస్తారు ముసలి తల్లి, భార్య, చిన్న పిల్లలు. అదీ ఒక్క వాక్యంలో, శిక్ష తగ్గించమనే మనవిలో భాగంగా. జడ్జి ఆ వాక్యాన్ని రాసుకుని శిక్ష వేస్తారు. ఆ తర్వాత వాళ్ళ ప్రస్తావన ఉండదు. ఉరిశిక్ష విషయంలో ముద్దాయి కుటుంబ నేపథ్యాన్ని కూడా సేకరించి చూడాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. అయితే అక్కడ కూడా ఆమె అతని మెడను కాపాడే సాక్ష్యం మాత్రమే. ఆమె ఎలా బతుకుతుందనేది కోర్టు ముందుకు రాదు. అఫ్జల్ గురును 2013 ఫిబ్రవరి 9న ఉరి తీస్తే ఆ కబురు మోసిన ఉత్తరం అతని భార్యకు రెండు రోజుల తర్వాత అందింది. ఉరికి ముందు కుటుంబానికి చెప్పి తీరాలి, కలుసుకోనివ్వాలి అని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పడానికి 2014 దాకా పట్టింది.

ఖైదీ భార్య మాట ప్రభుత్వం ఎన్నడూ వినదని కూడా అనలేం. కర్నూలు జిల్లాలో ఫ్యాక్షన్ కేసులో పదేళ్ళ శిక్ష పడిన గౌరు వెంకటరెడ్డి భార్య చరితారెడ్డి 2004లో ఎమ్మెల్యేగా గెలిచారు. భర్త శిక్ష తగ్గించమని ఆమె పెట్టుకున్న అర్జీ మీద 2005లో గవర్నర్ మిగిలిన శిక్షను రద్దు చేశారు. 2006లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. అతను 'మంచి కాంగ్రెస్ కార్యకర్త' అని అధికారులు నివేదికలో రాయడాన్ని తప్పుపట్టింది. చరితారెడ్డి గారు అర్జీ పెట్టడం తప్పని నేననను. ఏ భార్య అయినా పెడుతుంది. పూలమ్మే మనిషి అర్జీ ఏ బల్ల దగ్గర ఆగిపోతుందో మాత్రం మనందరికీ తెలుసు.

చిత్తూరు నుంచి గంట ప్రయాణం చేస్తే వేలూరు. రాజీవ్ గాంధీ హత్య కేసులో 1991లో 19 ఏళ్ళ కొడుకును పోలీసులకు అప్పగించిన అర్పుదమ్మాళ్ ఆ జైలు చుట్టూ, కోర్టుల చుట్టూ 31 ఏళ్ళు తిరిగింది. 2022 మే 18న సుప్రీంకోర్టు పేరరివాలన్‌ను విడుదల చేసింది. తమిళులు ఆమెను అమ్మ అని పిలిచి సభలకు తీసుకెళ్ళారు. అదే కేసులో నళిని కస్టడీలోనే బిడ్డను కన్నది. ఆ బిడ్డ అనాథ కాకూడదని సోనియా గాంధీ కూడా అన్నాక, 2000లో ఆమె ఉరిశిక్ష జీవిత ఖైదుగా మారింది. నాకు ఇక్కడ ఒకటి కనబడుతుంది. తల్లికి లోకం కాస్త చోటిస్తుంది, ఎందుకంటే కొడుకు ఎలాంటివాడైనా తల్లి తల్లే అంటారు. భార్యను మాత్రం 'నీకు తెలియకుండానే చేశాడా?' అని అడుగుతారు. ఆ ప్రశ్న పోలీసులు అడుగుతారు, చుట్టాలు అడుగుతారు. మన సభలోనూ ఎవరో అడిగారు.

మన సాహిత్యం? 'సమరసింహారెడ్డి' నుంచి 'ఇంద్ర' దాకా సినిమాలు సీమను కొడవళ్ళ గడ్డగా అమ్ముకున్నాయని మనం సరిగ్గానే తిట్టాం. సీమ కథకులు ఆ బొమ్మను సరిదిద్దడానికి కరువును రాశారు, రైతును రాశారు, హతుల ఇళ్ళనూ రాశారు. బొట్టు చెరిగిన ఆడది మన కథకు ఎప్పుడూ పనికొచ్చింది. బొట్టు ఉండి, మొగుడు లేని, అతనెప్పుడొస్తాడో తెలియని ఆడదాన్ని నా చదువులో నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. జీవిత ఖైదంటే పద్నాలుగేళ్ళని జనం అనుకుంటారు. నిజానికి అది చచ్చేదాకా. 14 ఏళ్ళనేది చట్ట ప్రకారం విడుదల గురించి ఆలోచించడానికి పెట్టిన కనీస గడువు. ఏటా ఆగస్టు 15కో జనవరి 26కో వచ్చే క్షమాభిక్ష జాబితా కోసం ఎదురుచూసే ఇంట్లో ఎంత కథ ఉంది!

కడపలో మహిళా జైలు కూడా ఉంది. అక్కడి తల్లులు ఆరేళ్ళ లోపు పిల్లల్ని తమతో ఉంచుకోవచ్చు. 2006లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది కూడా మన రాష్ట్రం పేరున్న కేసులోనే. ఆరు నిండాక పిల్లల్ని బయటికి పంపాలి. ఎవరి దగ్గరికి? ఇన్నిసార్లు ఆ బస్సులో వెళ్ళాను, పెళ్ళాన్ని చూడ్డానికి సంచి పట్టుకుని మహిళా జైలుకు బయల్దేరిన మొగుణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.

'మరి చనిపోయినవాళ్ళ కుటుంబం?' అని అడుగుతారు. అడగాలి కూడా. బాధితులకు, వాళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళకు ప్రభుత్వమే పరిహారం ఇచ్చే సెక్షన్ 2009 చివర అమలులోకి వచ్చింది. అది అందరికీ సరిగా అందేదాకా కొట్లాడదాం. 2019లో కురబలకోట మండలంలో పెళ్ళికొచ్చిన అయిదేళ్ళ పాపను చంపినవాడికి 2020 ఫిబ్రవరిలో చిత్తూరు కోర్టు ఉరివేస్తే మనలో చాలామంది హర్షించాం. ఆ హర్షాన్ని నేను ప్రశ్నించడం లేదు. హర్షించి ఇంటికి పోయాం, అంతటితో మన పని అయిపోయిందనుకున్నాం. దాన్నే ప్రశ్నిస్తున్నాను.

ఢిల్లీ ప్రభుత్వం 2014లో, తల్లో తండ్రో జైల్లో ఉన్న పిల్లల పోషణకూ చదువుకూ సాయం చేసే పథకం పెట్టింది. ఇక్కడ మన డిమాండ్ల పత్రాల్లో నేను అలాంటి వాక్యం చూడలేదు. పింఛను దరఖాస్తులో ఖైదీ భార్యకు ఒక కాలమ్. హిందూ వివాహ చట్టంలో ఏడేళ్ళ శిక్ష విడాకులకు ఒక కారణం. జైలుకు పోయినవాడి పిల్లలకు బడి ఖర్చు. ఈ మూడూ అడగడానికి ఎవరి హత్యనూ సమర్థించనక్కర్లేదు. వచ్చే మార్చి 8 పత్రంలో రాయండి. రాయకూడదనుకుంటే ఎందుకు రాయకూడదో ఈ పేజీల్లోనే చెప్పండి, చదువుతాను.