99.9 శాతం చంపి ఏం సాధిస్తాం?

సబ్బు ప్రకటన అయినా, నేల తుడిచే మందు ప్రకటన అయినా చెప్పేది ఒకటే: 99.9 శాతం క్రిములు చచ్చిపోతాయి. ఈ మాట విని విని, బ్యాక్టీరియా అంటే జబ్బేనని, ఎంత చంపితే అంత ఆరోగ్యమని బాగా చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్నారు. ఈ నమ్మకం తప్పు. దీనికి మనం ప్రాణాలతో మూల్యం చెల్లిస్తున్నాం.

భీమవరం చుట్టుపక్కల ఏ రొయ్యల రైతునైనా అడగండి. తినగా మిగిలిన మేత, రొయ్యల విసర్జన చెరువు అడుగున కుళ్లి అమ్మోనియా పుడుతుంది. అది పెరిగితే రొయ్య మేత తగ్గించేస్తుంది, నీరసిస్తుంది, చివరికి చచ్చిపోతుంది. ఆ అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చి చెరువుని బతికించేది నీళ్లలోనూ అడుగు మట్టిలోనూ ఉండే బ్యాక్టీరియా, వాటితో పాటు ఆర్కియా అనే మరో రకం సూక్ష్మజీవులు. జబ్బు భయంతో శానిటైజర్ మోతాదు మించి కొడితే, రొయ్యని చంపే విబ్రియో అనే బ్యాక్టీరియాతో పాటు ఇవీ పోతాయి. పోటీ లేని నీళ్లలో అందరికంటే ముందు లేచేది తరచుగా ఆ విబ్రియోనే, ఎందుకంటే అది చాలా వేగంగా పెరిగే రకం. అందుకే శానిటైజర్ కొట్టాక కొద్ది రోజులు ఆగి, రైతు ప్రోబయోటిక్ పొడిని బెల్లం, తవుడుతో కలిపి పులియబెట్టి చెరువంతా చల్లుతాడు. డబ్బు పెట్టి బ్యాక్టీరియాని కొని తెచ్చి నీళ్లలో వదులుతున్నాడన్నమాట. చెరువు గట్టు మీద ఇంత మామూలుగా తెలిసిన సంగతి మన వంటింట్లోకి, మందుల షాపులోకి ఎందుకు రాలేదు?

అదే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గురించి గర్వంగా చెప్పుకుంటాం. అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థ పరిశోధనలకు ఆయన నాయకత్వం వహిస్తున్న కాలంలోనే అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ని కనిపెట్టారు. 1948లో వెల్లడైన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. దాన్ని తయారుచేసింది మిస్సోరీ మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా. క్షయ మీద మొదటిసారి గట్టిగా పనిచేసిన స్ట్రెప్టోమైసిన్ కూడా 1943లో ఆ ప్రజాతి నుంచే దొరికింది. ఇవాళ జలుబు చేసినా మింగేస్తున్న అజిత్రోమైసిన్‌కి మూలమైన ఎరిత్రోమైసిన్ సైతం మట్టి బ్యాక్టీరియా ఇచ్చిందే. మనల్ని కాపాడిన మందుల్లో ఇన్ని బ్యాక్టీరియా నుంచి వచ్చాక, వాటి జాతి మొత్తాన్నీ శత్రువనడం కృతఘ్నత.

మన ఒంట్లోనే చూడండి. 2016లో శాస్త్రవేత్త రాన్ మిలో బృందం వేసిన లెక్క ప్రకారం, 70 కిలోల మనిషిలో సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు, బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు. వీటిలో ఎక్కువ భాగం పెద్దపేగులోనే ఉంటాయి. మనం అరిగించుకోలేని పీచుని అవి పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొర కణాలకు ప్రధాన ఆహారం అదే. అవసరం లేని యాంటీబయాటిక్ వేసుకున్న ప్రతిసారీ దెబ్బ తగిలేది ముందుగా వీటికే.

ఇక ఆర్కియా సంగతి. చూడ్డానికి బ్యాక్టీరియా లాగే ఉంటాయి, కేంద్రకం లేని ఒంటికణం జీవులే. కానీ 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోజోముల ఆర్ఎన్ఏని పోల్చి చూసి, ఇవి పూర్తిగా వేరే వంశమని తేల్చారు. వరిమడి బురదలో, ఆవు పొట్టలో మీథేన్ పుట్టించేవి ఇవే. ఉప్పుమడుల్లో నీరు చిక్కబడి ఎర్రబారుతుందే, ఆ రంగులో పెద్ద వాటా ఉప్పుని ప్రేమించే ఆర్కియాదే. మనిషికి జబ్బు తెస్తుందని నిర్ధారణ అయిన ఆర్కియా ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. అంతేకాదు, మన కణాల వంశం ఆర్కియా వైపు నుంచే వచ్చిందని, ఆ పూర్వ కణంలో చేరి స్థిరపడిన బ్యాక్టీరియానే మైటోకాండ్రియా అయిందని జీవశాస్త్రం ఇవాళ చెబుతోంది. జీవుల్ని జబ్బు అనే ఒక్క కొలబద్దతో కొలిచేవాళ్లకి ఇంత పెద్ద వంశం కంటికే ఆనదు.

మరి క్షయ, కలరా, టైఫాయిడ్ మాటేమిటి? నిజమే, అవి చంపుతాయి. వాటికి మందు వాడాల్సిందే, కోర్సు పూర్తి చేయాల్సిందే. చేతులు కడుక్కోవాల్సిందే. కానీ మామూలు సబ్బు ప్రధానంగా చేసేది జిడ్డుతో పాటు సూక్ష్మజీవుల్ని వదిలించి నీళ్లతో పంపేయడం. దానికంటే యాంటీబ్యాక్టీరియల్ సబ్బు మేలని కంపెనీలు రుజువు చూపలేకపోయాయి కనుకనే, 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ట్రైక్లోసాన్‌తో సహా 19 రసాయనాలను ఇంట్లో వాడే చేతి సబ్బుల్లో వాడకూడదంది. కలరాని ఊళ్ల నుంచి తరిమింది శుభ్రమైన తాగునీరు, మురుగు కాలువలు. వాటిని కోరాల్సిన చోట సీసాలు కొనుక్కుని తృప్తిపడుతున్నాం.

బ్యాక్టీరియా మీద చేసే ఈ యుద్ధంలో గెలుపు కూడా లేదు. అనువైన చోట ఈకోలై 20 నిమిషాలకోసారి రెండవుతుంది. మందుకి లొంగని గుణం ఒకదానికి వస్తే, ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం ద్వారా వేరే జాతికి కూడా అందిస్తుంది. మందుకి లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా 2019లో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆఖరి అస్త్రంగా దాచుకోవాల్సిన యాంటీబయాటిక్ అయిన కొలిస్టిన్‌ని కోళ్ల మేతలో కలుపుతూ పోయి, అదే 2019లో మన దేశం నిషేధించాల్సి వచ్చింది. యాంటీబయాటిక్ అట్ట మీద ఎర్ర గీత ఉంటుంది, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చట్టమూ ఉంది. అయినా జ్వరమంటే చాలు, వైరస్ జ్వరమో కాదో చూడకుండా రెండు మాత్రలు కత్తిరించి ఇచ్చే షాపులు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఆ షాపుల్లో తనిఖీలు జరగాలి, చీటీ లేని అమ్మకం ఆగాలి. చీటీ అడిగిన షాపువాడి మీద మనం విసుక్కోవడం మానాలి.