మొటిమల మందు

అమీరుపేటలో కంప్యూటరు విద్యకై జిల్లాలనుండి వచ్చిన బాలికలు వసతిగృహములలో వేలకొలది యున్నారు. ముఖమున మొటిమలు లేచినచో, ప్రక్కమంచపు స్నేహితురాలు తాను వాడుచున్న డాక్సీసైక్లిను క్యాప్సూళ్లు రెండు పంచియిచ్చును. పచ్చడి పంచుకొన్నంత సుళువుగా మందును పంచుకొందురు!

ఈ మందు టెట్రాసైక్లినుల కుటుంబములోనిది. దానికి పెద్దబిడ్డ ఆరియోమైసిను. భీమవరమున 1895లో జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు అధిపతిగా నున్న కాలమున, అచ్చట బెంజమిన్ డగ్గరను వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి దానిని సాధించెను. 1948లో అది లోకమునకు వెల్లడియయ్యెను; ఆ యేడే సుబ్బారావుగారు గతించిరి. బంగారు వన్నెనుబట్టి దానికా పేరు కలిగెను. ఆ జాతి మందులు పసిబిడ్డల పండ్లపై పసుపుమచ్చలు నిలుపునని యప్పటికి తెలియదు.

ఈ మందులు కాల్షియముతో జతకట్టును. గర్భిణి నాలుగవ నెల దాటిన పిమ్మట వాడినచో కడుపులోని బిడ్డ పండ్లలోను, ఎనిమిదేండ్లలోపు పిల్లలు వాడినచో చిగుళ్లలో నింకను పెరుగుచున్న పండ్లలోను చేరి నిలిచిపోవును. ఎంత తోమినను ఆ మచ్చ పోదు. గర్భమని యనుమానమున్నను వైద్యునితో ముందుగా చెప్పవలయును. పాలతోగాని, ఇనుముమాత్రతోగాని, కడుపుమంటకు వాడు మందుతోగాని కలిపి మ్రింగినచో మందు పూర్తిగా ఒంటబట్టదు.

అట్లని దీనిని విషమనుకొనరాదు. చిన్నపురుగు కుట్టుటచే వచ్చు స్క్రబ్ టైఫసు జ్వరమున ప్రాణము నిలుపునది డాక్సీసైక్లినే. అట్టి జ్వరమునకు వైద్యుడు కొలదిదినములు పిల్లవానికి వ్రాసినను తల్లి బెదరి మానరాదు. అంత స్వల్పకాలపు వాడుకవలన డాక్సీసైక్లినుచే పండ్లు చెడినట్లు కానరాలేదు.

ఇక మన హాస్టలు బాలిక సంగతి. రాత్రి గుక్కెడు నీటితో మ్రింగి వెంటనే పరుండినచో క్యాప్సూలు అన్నవాహికలో నంటుకొని పుండుచేయును. మఱునాడు మెతుకు దిగదు. నిండుగ్లాసు నీరు త్రాగి అరగంటయైన కూర్చుండవలయును. మందు వాడుచు పంజగుట్ట కూడలివఱకు మిట్టమధ్యాహ్నము నడచినచో ముఖము కమలిపోవచ్చును; గొడుగు మేలు.

అన్నిటికంటె భయపడవలసిన దొకటి గలదు. మొటిమలకే యిచ్చు ఐసోట్రెటినోయినుతో దీనిని కలిపి వాడినచో తలలోని యొత్తిడి హెచ్చి, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబాఱుట కలుగవచ్చును. ఉపేక్షించినచో చూపునకే మోసము. అట్టిది తోచిననాడే మందు మాని వైద్యుని చూడవలయును. ఫోనులో అమ్మాయిని అన్నము తింటివా యని యడుగునప్పుడు, ఏయే క్యాప్సూళ్లు మ్రింగుచున్నావో అట్టపై పేరు చదువుమని కూడ నడుగుడు.