కొన్న టీవీకి యజమాని ఎవరు?

దర్జీ కుట్టిచ్చిన చొక్కాను రాత్రికి రాత్రి వచ్చి చేతులు కత్తిరించిపోతే ఊరుకుంటామా? స్మార్ట్ టీవీల విషయంలో ఊరుకుంటున్నాం! గుడివాడ కొట్టులో మేము కొన్న టీవీకి అప్‌డేట్ వచ్చింది. అంతే, తెరనిండా ప్రకటనలు, రిమోట్ నొక్కినా కదలని బొమ్మ. ఇది వట్టి వినోదం గొడవ కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమలో, తుపాను రాత్రి ముందు కనబడాల్సింది హెచ్చరికా, సబ్బు ప్రకటనా?

ఫోన్లను నెమ్మదింపజేసిన అప్‌డేట్ల కేసులో 2018లో ఇటలీ యాపిల్‌కు కోటి యూరోలు, శామ్‌సంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. మనకూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. బందరులోనే జిల్లా కమిషన్ ఉంది. మిత్రులారా, సణుగుడు చాలు, ఫిర్యాదు రాద్దాం. వద్దనుకుంటే పాత సాఫ్ట్‌వేర్‌కి తిరిగిపోయే హక్కు అడుగుదాం. డబ్బు మనదైనప్పుడు మీట వాళ్ళ చేతిలో ఎందుకుండాలి?