ఉంగరం కనిపించకపోతే మొదట ఎవరి సంచి విప్పుతారు?

పోయిన భాగంలో అడ్డా కూలీల గురించి రాస్తే కొందరు విద్యార్థులు ఒక ప్రశ్న పంపారు. "అన్నా, కూలీల పక్షం సరే. ఇంట్లో పెయింటింగ్ జరుగుతుండగా నిజంగానే బంగారం పోతే ఏం చేయాలి? నోరు మూసుకుని కూర్చోవాలా?"

న్యాయమైన ప్రశ్న. ఇప్పుడు మనవాళ్ళ ఇళ్ళకూ పెయింటర్లు, ప్లంబర్లు, కార్పెంటర్లు, టైల్స్ మేస్త్రీలు వస్తున్నారు. అమ్మ అంగన్‌వాడీ టీచరో, నాన్న ఆర్టీసీ కండక్టరో అయి, లోను పెట్టి కట్టుకున్న రెండు గదుల ఇల్లు. బీరువాలో ఉన్న ఆ రెండు తులాలు ఎవరి తాతా ఇచ్చిపోయినవి కావు. అవి పోతే కడుపు మండుతుంది. ఆ మంటను నేను తక్కువ చేయను. పేదవాళ్ళు దొంగతనమే చేయరని కూడా చెప్పను. చేసేవాళ్ళు అన్ని కులాల్లో, అన్ని తరగతుల్లో ఉన్నారు.

నేను అడిగేది ఒక్కటే. వస్తువు కనిపించని మొదటి పది నిమిషాల్లో మన కళ్ళు ఎటు తిరుగుతాయి?

ఆ వారం ఇంట్లో ఎంతమంది తిరిగారో లెక్కపెట్టండి. ఊరి నుంచి వచ్చిన బావమరిది ఉన్నాడు. కొడుకు స్నేహితులు ఉన్నారు. టక్ చేసుకుని వైఫై పెట్టడానికి వచ్చిన కుర్రాడు ఉన్నాడు. గోడకు పుట్టీ పూసిన మనిషి ఉన్నాడు. గదిలోకి అందరూ వెళ్ళారు. కానీ నోటికి వచ్చే పేరు పుట్టీ పూసినవాడిదే. వెంటనే రెండో ప్రశ్న: "వాళ్ళది ఏ ఊరు? వాళ్ళేమిట్లు?" ఊరూ కులమూ తెలిశాక అనుమానం కాస్తా తీర్పు అయిపోతుంది. చూసినవాడు లేడు, దొరికిన వస్తువు లేదు, తీర్పు మాత్రం ఉంది.

ఈ చూపు మనకు పుట్టుకతో రాలేదు. దాన్ని చట్టం రాసి మరీ నేర్పారు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. మనిషి ఏం చేశాడన్నదానితో పనిలేదు, ఏ గుంపులో పుట్టాడో చూసి దొంగ అని రిజిస్టర్లో రాసుకోవచ్చు. 1911లో వచ్చిన కొత్త చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి, అంటే మన కోస్తా, రాయలసీమలకూ వచ్చింది. బాపట్ల దగ్గర ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటే స్టూవర్టుపురం. ఆ పేరు ఒక తెల్ల అధికారిది. హాజరు పలకాలి, బయటికి పోవాలంటే అనుమతి చీటీ ఉండాలి. 1952లో ఆ చట్టం రద్దయింది. ఊరి పేరు మీద పడ్డ మచ్చ మాత్రం రద్దు కాలేదు. 1991లో ఒక సినిమా, 2023లో మరో సినిమా ఆ ఊరి దొంగల కథలే చెప్పాయి. ఆ ఊరిలో చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న పిల్లల కథ మన హీరోలకు పనికిరాలేదు.

ఇది పాత సంగతి అనుకుంటే ఇటీవలి సంగతులు చెబుతాను.

2021 జూన్. యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒక పాస్టర్ ఇంట్లో వంటపని చేసే మరియమ్మ అనే దళిత మహిళ మీద 2 లక్షల రూపాయలు తీసిందని ఫిర్యాదు వెళ్ళింది. అడ్డగూడూరు పోలీసుల చేతుల్లో ఉండగా జూన్ 18న ఆమె ప్రాణం పోయింది. తరువాత ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్ళను ఉద్యోగాల నుంచి తీసేశారు. మరియమ్మ తిరిగి రాలేదు.

2024లో షాద్‌నగర్. పొరుగింటి బంగారం పోయిందన్న ఫిర్యాదు మీద ఒక దళిత మహిళను స్టేషన్‌కు తీసుకెళ్ళి కొట్టారని బయటపడి పోలీసులు సస్పెండయ్యారు.

2025 ఏప్రిల్. కేరళ, తిరువనంతపురం. అక్షరాస్యతలో ముందు వరుసలో ఉన్న రాష్ట్రం. ఇంటి పనికి వెళ్ళే ఒక దళిత మహిళను గొలుసు తీసిందని పేరూర్కడ స్టేషన్లో రాత్రంతా ఉంచారు. దాహం వేసి నీళ్ళడిగితే టాయిలెట్లో నీళ్ళు తాగమన్నారని ఆమె చెప్పింది. ఆ గొలుసు చివరికి యజమాని ఇంట్లోనే దొరికింది.

ఈ మూడింట్లో ఒకరు వంటమనిషి, ఒకరు పొరుగు మనిషి, ఒకరు పనిమనిషి. పెయింటరూ ప్లంబరూ ఈ లెక్కలో లేరు కదా అనొచ్చు. మీ ఇంటి పెయింటర్ మీద పడే చూపు వాళ్ళ మీద పడిన చూపే. మూడు చోట్లా స్టేషన్ గడప దాకా తీసుకెళ్ళింది ఇంటి నుంచి వెళ్ళిన ఒక మాటే.

ఇప్పుడు చట్టం సంగతి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మామూలు దొంగతనానికి 3 ఏళ్ళ దాకా జైలు. ఇంట్లో దొంగతనానికి 7 ఏళ్ళ దాకా. పనివాడు యజమాని సొత్తు తీస్తే దానికి విడిగా 306వ సెక్షన్, 7 ఏళ్ళ దాకా. 1860 నాటి పీనల్ కోడ్‌లోనూ ఇదే లెక్క, ఇంగ్లీషు దొరలు రాసింది మనవాళ్ళు పేరు మార్చి ఉంచుకున్నారు. సరే, పని చేయించుకుని కూలీ ఎగ్గొట్టిన యజమానికి ఆ పుస్తకంలో ఏ సెక్షన్ ఉంది? ప్రత్యేకంగా ఏదీ లేదు. నౌకరు దొంగతనానికి పోలీసు జీపు వస్తుంది. యజమాని ఎగవేతకు కూలీయే ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఈ రెండూ ఒకచోట కలిసే సందర్భం అడ్డా మీద ఎవరినడిగినా చెప్తారు. పని అయిపోయిన రోజు, చివరి బిల్లు ఇవ్వాల్సిన పూట, "మా వెండి గ్లాసు కనిపించడం లేదు" అన్న మాట వస్తుంది. గ్లాసు దొరికేదాకా డబ్బులు ఆగిపోతాయి. గ్లాసు ఎప్పటికీ దొరకదు. అదే ఇంట్లో మేస్త్రీ డ్రిల్లింగ్ మెషీన్ పోతే యజమాని బీరువా తెరిచి చూపించమని అడిగే ధైర్యం ఎవరికుంది?

కాబట్టి మిత్రులారా, నోరు మూసుకుని కూర్చోమని నేను అనను. ఇలా చేయమంటాను.

పని మొదలయ్యే ముందే బంగారం, డబ్బు, కాగితాలు ఒక చోట పెట్టి తాళం వేయండి. బావమరిది వచ్చినా వేయండి, పెయింటర్ వచ్చినా వేయండి. అందరికీ ఒకే తాళమైతే అది ఎవరికీ అవమానం కాదు. కూలీ ఎంత, ఎప్పుడెప్పుడు ఇవ్వాలి అన్నది కాగితం మీద రాసుకోండి. అది ఇద్దరికీ రక్ష.

వస్తువు కనిపించకపోతే ముందు వెతకండి. చివరిసారి ఎవరు చూశారు, ఏ రోజు, ఎక్కడ? ఇంట్లో ప్రతి ఒక్కరినీ అడగండి. మీ కొడుకునూ అడగండి. "కనిపించడం లేదు" అన్నదానికీ "ఎత్తుకుపోయారు" అన్నదానికీ మధ్య ఒక మనిషి బతుకు ఉంటుంది.

పనివాళ్ళనూ అడగండి, తప్పు లేదు. "తీశావా" అని అడగొద్దు, "చూశావా" అని అడగండి. మేస్త్రీని పక్కకు పిలిచి అడగండి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టారంటే, రేపు వస్తువు దొరికినా ఆ మనిషికి ఆ వీధిలో మళ్ళీ పని దొరకదు.

సంచి లాక్కుని విప్పొద్దు. ఒంటి మీద చెయ్యి వేయొద్దు. ఫోను, ఆధార్ కార్డు, పనిముట్లు పట్టి ఉంచొద్దు. గదిలో పెట్టి గడియ వేస్తే అది అక్రమ నిర్బంధం, మీ మీదే కేసు. చేసిన పనికి కూలీ ఆపొద్దు. అనుమానం వేరు, అప్పు వేరు.

ఆధారం ఉందా? పోలీసుల దగ్గరికి వెళ్ళండి, అది మీ హక్కు. ఫిర్యాదులో ఏం పోయింది, ఎప్పుడు పోయింది, ఆ గదిలోకి ఎవరెవరు వెళ్ళారు అన్నది రాయండి, చుట్టాల పేర్లతో సహా. ఎఫ్ఐఆర్ చేయమని పట్టుబట్టండి. "ఎఫ్ఐఆర్ ఎందుకు, పిలిపించి నాలుగు తగిలిస్తే వాడే చెప్తాడు" అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. కాగితం లేని చోటే దెబ్బలు పడతాయి.

వస్తువు సోఫా కింద దొరికిందా? ఎంతమంది ముందు అనుమానించారో అంతమంది ముందు క్షమాపణ చెప్పండి. స్టేషన్‌కు వెళ్ళి దొరికిందని రాసివ్వండి.

ఇక కార్యకర్తలకు. అర్ధరాత్రి ఫోన్ వస్తుంది, "మా అమ్మను తీసుకెళ్ళారన్నా" అని. అప్పుడు గుర్తుండాల్సినవి ఇవి. 7 ఏళ్ళ దాకా శిక్ష పడే నేరాల్లో అరెస్టు తప్పనిసరి కాదని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు అవసరం లేనప్పుడు నాగరిక సురక్షా సంహిత 35వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి పిలవాలి. అసాధారణ పరిస్థితుల్లో, మేజిస్ట్రేట్ అనుమతితో తప్ప, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా మహిళను అరెస్టు చేయకూడదు. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. పోలీసుల ముందు "నేనే తీశాను" అని ఒప్పుకున్నా కోర్టులో ఆ ఒప్పుకోలు చెల్లదు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెట్టాలి. ఎస్సీ, ఎస్టీ మనిషి మీద కావాలని తప్పుడు సమాచారం ఇచ్చి పోలీసులను ఉసిగొల్పితే, అది అట్రాసిటీ చట్టం కింద నేరం.

ఇక్కడే మనవాళ్ళకు ఒక చేదు మాట చెప్పాలి. ఆ చట్టం వర్తించేది నిందితులు ఎస్సీ, ఎస్టీ కానప్పుడే. మాదిగ పెయింటర్ మీద మాల టీచరో, మాల కూలీ మీద మాదిగ ఇంజనీరో తప్పుడు ఫిర్యాదు ఇస్తే అట్రాసిటీ కేసు నిలబడదు. మనం మనవాడి సంచి విప్పినప్పుడు వాడిని కాపాడే ప్రత్యేక చట్టం ఏదీ లేదు. అక్కడ వాడికి మిగిలిన రక్ష మన బుద్ధి ఒక్కటే.

ఊరి దొర ఇంట్లో చెంబు పోతే మన తాతలను చెట్టుకు కట్టేశారని సభల్లో చెప్పుకుంటాం. చెప్పుకోవాలి. ఇప్పుడు ఇల్లు మనది, బీరువా మనది, తాళంచెవి మన చేతిలో ఉంది. అంబేడ్కర్ ఫోటో పెట్టిన గోడకు రంగు వేయడానికి వచ్చిన మనిషిని మన ఇంట్లో ఏ కళ్ళతో చూస్తున్నారో, ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మీ అమ్మానాన్నలతో మాట్లాడండి. వాళ్ళ కూలీ బాకీ ఏమన్నా ఉందేమో కూడా అడగండి.

జై భీమ్.