ఇంటిపేరు లేని వీరులు

బందరులో డచ్చివారి శ్మశానవాటిక యొకటి గలదు. 17వ శతాబ్దమున వర్తకమునకై సముద్రము దాటి వచ్చి, మరలిపోవు భాగ్యము లేక ఇచ్చటనే కన్నుమూసినవారి పేళ్లును, వంశచిహ్నములును ఆ రాళ్లపై నేటికిని నిలిచియున్నవి. 1864 నవంబరు 1వ తేదీ ఉప్పెన ఈ పట్టణమును ముంచి, బందరులోను చుట్టుపట్లను సుమారు ముప్పదివేల ప్రాణములను బలిగొన్నది. ఆ ముప్పదివేలమందిలో పేరు మిగిలినవారు అరుదు. ఆ డచ్చివారి పేళ్లు మాత్రము మిగిలినవి. ఆ వాటికను భారత పురావస్తుశాఖ కాపాడుచున్నది. అది యుక్తమే. అతిథియైనను, వర్తకుడైనను, మన మట్టిలో కలసినవాని పేరు తుడిచివేయుట మన ధర్మము కాదు.

కాని యీ తీరమునుండి సముద్రమావలికి పోయి, అచ్చటి మట్టిలో కలసిన మనవారి మాట యేమి?

1914–18 మహాయుద్ధమున పదిలక్షలకు పైబడిన భారతీయులు సముద్రము దాటిరి. సుమారు 74,000 మంది మరణించిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగియునాటికి భారతసేన 25 లక్షలు. మృతులు సుమారు 87,000. మెసపొటేమియా యెడారులందును, బర్మా అడవులందును వంతెనలు కట్టుచు, బాటలు వేయుచు, గుండ్లకెదురు నిలిచిన మద్రాసు సాపర్లలో తెలుగువారు గలరు. బందరులో రైలెక్కి, గుడివాడ దాటి, బెజవాడ చేరి, అటుపై ఏ రేవున ఏ ఓడ యెక్కిరో ఇంటివారికే తెలియకపోయినవారు గలరు. కొంతకాలమునకు ఇంటికి ఇంగ్లీషు కాగిత మొకటి వచ్చును. చదువరాని తల్లి దానిని కరణమువద్దకు కొనిపోవును. అంతటితో కథ ముగిసినది.

రంగమునకు ఉత్తరముగా సుమారు 35 కిలోమీటర్ల దూరమున టౌక్యాన్ యుద్ధశ్మశానవాటిక యున్నది. రంగమనగా తెలుగువానికి పరాయి ఊరు కాదు. ఒకప్పుడు ఆ రేవులో మూటలు మోసిన భుజములు, ధాన్యపు మిల్లులలో శ్రమించిన చేతులు మిక్కిలిగ మనవే. ఆ టౌక్యానులో 6,374 సమాధులు గలవు. వానిలో 867 గుర్తుతెలియనివారివి. నడుమ పొడవైన స్తంభపంక్తులపై సమాధి యెచ్చటనో తెలియని సుమారు 27,000 మంది పేళ్లు చెక్కబడియున్నవి. అందు హెచ్చుపాలు భారతసైనికులవి. దహనసంస్కారము పొందినవారికి వేరొక స్మారకమున్నది. ఆ వాటికను మేము దర్శించినప్పుడు మాకు మొదట కలిగినది దుఃఖము కాదు, ఆశ్చర్యము. గడ్డి ఒద్దికగా కత్తిరించి, పూలమొక్కలు పెంచి, పిలువనైనను రాని చుట్టముల ఇంటిని కాచినట్లు అన్యులు దానిని కాచుచున్నారు. అచ్చటి స్మారకవాక్యము ఇంగ్లీషు, బర్మా, హిందీ, ఉర్దూ, గురుముఖి లిపులలో గలదు. తెలుగులో లేదు.

స్తంభములపై పేళ్లు చదువుచు పోగా మనసు నిలిచిపోవును. సుబ్బయ్య యని యుండును. అప్పన్న యని యుండును. ఏ సుబ్బయ్య? ఏ అప్పన్న? ఇంటిపేరు లేదు. తెలుగువానికి ఇంటిపేరు లేనిదే పేరు పూర్తి కాదు. ఆ మాటలోనే అతని ఊరు, వంశము, బంధువర్గము ఇమిడియుండును. సేనలో చేర్చుకొన్న గుమాస్తా తన చెవికి పట్టినంత వ్రాసికొనెను. శిల్పి దానినే చెక్కెను. యుద్ధసమాధుల సంఘమువారి పట్టికలలో కొందరికి తండ్రిపేరును, గ్రామమును, జిల్లాయును చేర్చియున్నవి. కాని ఇంగ్లీషు అక్షరములలో నలిగి, మన గ్రామములు మనమే పోల్చుకొనలేనట్లు వికృతిచెందినవి. ఆ పేళ్లను సరిదిద్దగలవారు లండనులో లేరు, ఢిల్లీలోను లేరు. కౌతవరము అరుగుమీదను, నాగాయలంక రేవునను, ఘంటసాల రచ్చబండకడను కూర్చుండు వృద్ధులు మాత్రమే సరిదిద్దగలరు. వారును ఏటేట తరిగిపోవుచున్నారు.

ఇచ్చట మన జాతీయవాదులు కొందరు కనుబొమ లెత్తుదురు. వీరు పరప్రభువు ఉప్పుతిని, పరప్రభువు యుద్ధమున మడిసినవారు గదా. మనకు సంకెళ్లు వేసిన చేతికి కత్తియైనవారిని మనమేల స్మరింపవలెను? అని ప్రశ్నింతురు. ప్రశ్న తేలికైనది కాదు, దానిని దాటవేయరాదు.

భారతమే దీనికి ఉత్తరము చెప్పినది. కర్ణుడు దుర్యోధనుని ఉప్పు తినినవాడు. పాండవులపై బాణము వేసినవాడు. యుద్ధాంతమున గంగాతీరమున కుంతి నిజము చెప్పగా, ధర్మరాజు అతనికి అన్నయని ఉదకము విడిచెను. ఏ పక్షమున పోరితివని ఆ నీటిచుక్క అడుగలేదు. పంపినవాని పాపము పంపినవానిది. పోయినవాని ప్రాణము మనది. కరవునకు, అప్పునకు, అరయెకరము పొలమునకు లోబడి సంతకము పెట్టినవానికిని, సామ్రాజ్యమును నడపినవానికిని భేదము తెలియనివాడు స్వరాజ్యమును అర్థము చేసికొనలేదు.

అంత దూరమేల? బందరు సమీపమున భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు 19 యేండ్ల ప్రాయమున ఆంగ్లసేనలో చేరి, బోయరుయుద్ధమునకై దక్షిణాఫ్రికా పోయినవారు. గాంధీమహాత్ముని పరిచయము వారికి అచ్చటనే కలిగెను. ఆ యుద్ధముననే మహాత్ముడును భారతీయులతో క్షతగాత్రసేవాదళము నడపెను. తెల్లదొర సేనలో నడచిన ఆ పాదములే 1921లో బెజవాడ కాంగ్రెసు సభకు మన జాతీయపతాకమును తెచ్చినవి. దైవము అన్యథా తలచి ఆ యువకుడు అచ్చటనే కూలియున్నచో, అతడును నేడు ఇంటిపేరు లేని యొక వెంకయ్యయై యుండును గదా! అతనితోపాటు పోయి రానివారిని ఏ ముఖముతో నిందింతుము?

ఇక ఆ ప్రభువులైనను తమ సిపాయికి ఋణము తీర్చిరా? ఉత్తరదేశమున సిపాయీలకు తెలంగాలను పేరు వచ్చుటకు, తొలుత అట్టి సేనలలో చేరినవారు తెలుగువారగుటయే కారణము. తరువాత లార్డు రాబర్ట్సు 1881 మొదలు 1885 వరకు మద్రాసుసేనకు అధిపతిగా నుండి, దక్షిణదేశీయులు యుద్ధమునకు తగరని తీర్పు చెప్పెను. మన దళములను క్రమముగా తగ్గించిరి. రెండవ ప్రపంచయుద్ధము ముంచుకొనిరాగా, పనికిరాని మద్రాసీ మరల పనికివచ్చెను! బస్రా స్మారకమున 40,000 పైబడిన మృతులను స్మరించిరి. కాని భారతీయులలో అధికారుల పేళ్లు చెక్కి, సామాన్య సిపాయీలను రెజిమెంటు పేరు క్రింద అంకెగా వ్రాసిరి. మరణమున అందరును సమానులేయన్న నియమము ఆ సంఘమువారిదే. దానిని తామే తప్పిరి. వారు నియమించిన విచారణ సమితి 2021 ఏప్రిలులో ఈ సంగతి యొప్పుకొన్నది. 45,000 మొదలు 54,000 వరకు మృతులకు సమానగౌరవము లభింపలేదనియు, కనీసము 1,16,000 మందికి, ఒకవేళ 3,50,000 మందికి, పేరున స్మారకమే లేదనియు ప్రకటించినది. వీరు భారత, ఆఫ్రికా ఖండాది దేశములవారు. దొర నూరేండ్లకు తప్పు నొప్పుకొనెను. మనమో, ఇంకను లెక్కయే మొదలిడలేదు.

లెక్క సిపాయీలతో ముగియదు. 1942–43లో జపానువారు సయాము బర్మాల నడుమ 415 కిలోమీటర్ల రైలుమార్గము వేయించిరి. 12,000 పైబడిన తెల్లజాతి యుద్ధఖైదీలు అందు మరణించిరి. వారికి కాంచనబురిలోను, థాన్‌బ్యుజయాట్‌లోను చక్కని సమాధులు గలవు; డచ్చివారికిని గలవు. అదే మార్గమున మలయా రబ్బరుతోటలనుండి తరలింపబడిన తమిళులు, తెలుగువారు, బర్మావారు మొదలగు ఆసియా కూలీలు సుమారు 90,000 మంది కలరాకును, ఆకలికిని, దెబ్బలకును పడిపోయిరని అంచనా. తుపాకి పట్టినవానికి రాయి నిలిచినది. గునపము పట్టినవానికి పేరున్న రాయి లేదు. ఆ డచ్చివాని పేరును బందరు మూడువందల యేండ్లు కాచినది. మన కూలివాని పేరును కాచిన ఊరేది?

ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవారి గతియును అట్టిదే. 1945 జూలై 8వ తేదీన సింగపూరు సముద్రతీరమున నేతాజీ వారికి స్మారకశిలాస్థాపన చేసెను. తిరిగివచ్చిన ఆంగ్లసేన సెప్టెంబరులో దానిని పేల్చివేసెను. 1995లో మాత్రమే ఆ స్థలమున గురుతుపలక వెలసినది. సింగపూరులోనే క్రాంజి శ్మశానవాటికలో రెండవపక్షమున పడినవారి పేళ్లు 24,000 పైబడి యున్నవి. ఒక తల్లి బిడ్డలిరువురు ఈ యిరుపక్షములందును నిలిచియుండవచ్చును. తల్లికి శోకము రెండు విధములుగా నుండదు. 2019 ఫిబ్రవరి 25వ తేదీన ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధస్మారకము స్వాతంత్ర్యానంతర వీరుల పేళ్లు ధరించినది, మిక్కిలి సంతోషము. దానికి ముందటివారు మాత్రము నిన్నటి ప్రభువునకును నేటి ప్రభుత్వమునకును నడుమ అనాథలై నిలిచియున్నారు.

వీరస్మరణ మనము ఆంగ్లేయులవలన నేర్చినది కాదు. మన పొలిమేరలందు వీరగల్లు లున్నవి. కారెంపూడిలో పల్నాటివీరులకు ఏటేట ఉత్సవము జరుగుచునే యున్నది. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో పదివేలకు పైబడిన ప్రాణములు కోల్పోయిన దివిసీమకు, గుర్తుతెలియని శవమును కాల్చునప్పటి వేదన వేరొకరు చెప్పనక్కరలేదు. పేరు లేని మృతి యనగా నేమో ఈ సీమ యెరిగినంతగా ఏ సీమయు నెరుగదు.

కావున మా మనవి యిది. కోర్టులో మేము నిత్యము చూచునది యొకటి గలదు: సాక్షి చనిపోయిన వెనుక సత్యమును చనిపోవును. సాక్షులు ఉండగనే పని జరుగవలెను. ప్రతి గ్రామమున పఠనాలయమువారు ఒక పుస్తకము తెరచి, పోయి రానివారి ఇంటిపేరు, పేరు, తండ్రిపేరు, పోయిన యేడు వ్రాయవలెను. పింఛను కాగితములు, పతకములు, పాత జాబులు పెట్టెల అడుగున నున్నవి. చెదలు తినకముందే వానికి నకళ్లు తీయవలెను. సిపాయియని, కూలియని, నేతాజీ సైనికుడని భేదము చూపరాదు. హిందువని, మహమ్మదీయుడని, క్రైస్తవుడని వింగడింపరాదు. ప్రార్థన యెవరి ఆచారము వారిది, పట్టిక అందరిది. బందరు, గుడివాడ, అవనిగడ్డ పురజనులు ఆ పుస్తకములను సరిచూచి, యుద్ధసమాధుల సంఘమునకు పంపి తప్పులు దిద్దించి, బందరులో తెలుగు అక్షరములతో ఒక రాయి నిలుపవలెను.

యుద్ధమును కీర్తించుటకు ఆ రాయి వలదు. ఇతరుల యుద్ధమునకు మనవారు ఎంత మూల్యము చెల్లించిరో రానున్న తరమువారు చదివి తెలిసికొనుటకు కావలయును. ప్రభుత్వము చేయునని చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. దూరదేశమున ఆ పేళ్లను అన్యులు కాపాడుచున్నారు. వానికి ఇంటిపేళ్లు చేర్చుట మాత్రము మన వంతు.