టిక్కీలకున్న లెక్క ఆయాలకు లేదా?

గుంటూరు మిర్చి యార్డులో ఎన్ని టిక్కీలు దిగాయో సాయంత్రానికల్లా తేలిపోతుంది. తేజకు ఎంత పలికింది, తాలు కాయ ఎంతకు పోయింది, శీతల గోదాముల్లో ఎంత సరుకుంది... అన్నీ తెల్లారేసరికి పేపర్లో ఉంటాయి. లెక్క తప్పితే సొమ్ము పోతుంది కాబట్టి అక్కడ లెక్క తప్పనివ్వరు. అదే యార్డుకు కాయ పంపే ఊళ్లకు వెళ్లి, ప్రత్తిపాడు, పెదనందిపాడు, పర్చూరు, మార్టూరు నల్లరేగడి పల్లెల్లో ఏ సర్కారు బడికైనా వెళ్లి, ఇక్కడ ఎంతమంది పనిచేస్తున్నారని అడగండి. టీచర్ల సంఖ్య వెంటనే చెబుతారు. గదులు ఊడ్చే ఆయా, పొయ్యి దగ్గరి వంటమ్మలు, రాత్రి కాపలా ఉండే వాచ్‌మన్ ఏ లెక్కలో ఉన్నారంటే మాత్రం హెడ్మాస్టరు కూడా తడుముకోవాల్సిందే.

గుంటూరు, ప్రకాశం బడుల సంగతి మనకెందుకని అడిగే మిత్రులుంటారు. మన కొట్లాట లెక్కలు దాచిన పాలకులతోనే. నల్లరేగడిలో బడి నడిపే టీచరుతో, ఆయాతో ఏనాడూ కాదు. పైగా కొలువుల లెక్క తేలకపోతే ఏమవుతుందో మనకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు ఎవరున్నారు?

దేశంలో బడుల లెక్క కొత్తదేమీ కాదు. తొలి అఖిల భారత విద్యా సర్వే 1957లోనే జరిగింది. 1990ల నడుమ జిల్లాల వారీ సమాచార వ్యవస్థ వచ్చింది. 2012-13లో ప్రాథమిక, ఉన్నత బడుల లెక్కలను ఒక్కటి చేసి యూడైస్ అన్నారు. 2018-19 నుంచి అది యూడైస్ ప్లస్ అయింది. బడి బడికీ 11 అంకెల కోడ్ ఉంది. టీచరు ఎప్పుడు చేరారు, ఏం చదివారు, ఏ సబ్జెక్టు చెబుతారు... అన్నీ నింపాల్సిందే. 2024-25 లెక్కల్లో దేశంలో టీచర్ల సంఖ్య మొదటిసారి కోటి దాటింది. ఢిల్లీ పెద్దలు సంబరంగా ప్రకటించుకున్నారు.

ఆ లెక్కల్లోనే ఇంకో అంకె ఉంది. దేశంలో ఒక్క టీచరుతో నడిచే బడులు 1,04,125. అన్ని రాష్ట్రాల్లోకీ ఎక్కువ ఆంధ్రప్రదేశ్‌లోనే, 12,912. తెలంగాణ మాత్రం మురిసిపోవడానికేముంది? ఒక్క పిల్లాడూ లేని బడులు ఇక్కడ 2,245 ఉన్నాయని అదే ఏడాది లెక్క తేల్చింది. కోటి టీచర్లున్న దేశంలో లక్ష బడులకు ఒక్కరే టీచరైతే ఆ కోటి ఎవరికి చుట్టం? మొత్తం కూడితే పెద్ద అంకె వస్తుంది. ఊరూరా విడదీస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

ఇది దానంతటదే వచ్చిన కరువు కాదు. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 117 జీవో తెచ్చింది. 3, 4, 5 తరగతులను ఊళ్ల బడుల నుంచి తీసి హైస్కూళ్లలో కలిపే పని పెట్టుకుంది. మిగిలిన చిన్న తరగతులకు ఒక్క టీచరే దిక్కవుతారని ఉపాధ్యాయ సంఘాలు మొత్తుకున్నాయి. 2025లో ఆ జీవోను రద్దు చేశారు. అదే ఏడాది 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ జరిపారు. మంచిదే. కానీ రేపు మళ్లీ ఏ పోస్టు ఎక్కడుండాలో తేల్చడానికి చూసేది ఈ లెక్కల్లోని పిల్లల సంఖ్యనే.

ఆ సంఖ్య సంగతే చూద్దాం. విద్యా సర్వేలకూ, తర్వాత వచ్చిన వార్షిక లెక్కలకూ ఏళ్ల తరబడి సెప్టెంబర్ 30నే గీటురాయిగా పెట్టుకున్నారు. ఆ రోజుకు పత్తి ఇంకా పగలదు, మిర్చి ఇంకా పూతకు రాదు. పిల్లలు బళ్లోనే ఉంటారు. దసరా దాటితే పత్తి తీతలు, సంక్రాంతి దాటితే మిర్చి కోతలు. కర్నూలు పడమటి మండలాల నుంచి, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు చేలకు దిగుతాయి. వాళ్ల పిల్లలు పేరుకు అక్కడి బడి రిజిస్టర్లో ఉంటారు, మనిషి ఇక్కడి కల్లంలో ఉంటాడు. అక్కడి లెక్క ప్రకారం టీచరు ఉన్నాడు, పిల్లలు లేరు. ఇక్కడ పిల్లలున్నారు, వాళ్ల కోసం టీచరు లేడు. ఏడాదికి ఒక్కరోజు లెక్కలో ఈ వలస ఎక్కడా పడదు. వెళ్లిపోయే ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు పెట్టామంటారు. వాటిలో వండేవాళ్లు, పిల్లలను కాచుకునేవాళ్లు ఎవరు? ఆర్నెల్ల కొలువు వాళ్లది. ఆర్నెల్ల తర్వాత వాళ్లూ లెక్కలో ఉండరు.

ఇక బోధనేతర సిబ్బంది. గుమాస్తా, అటెండరు, ల్యాబ్ అసిస్టెంటు అనే పోస్టులు పెద్ద బడులకే. చిన్న బడిని నిలబెట్టేది ఆయా, వంటమ్మ. వంటమ్మ లెక్క మధ్యాహ్న భోజనం ఖాతాలో ఉంటుంది. ఆయా లెక్క మరుగుదొడ్ల నిర్వహణ నిధి ఖాతాలో ఉంటుంది. ఒకే బడి, ఒకే గేటు. ఖాతాలు మాత్రం వేర్వేరు. అందుకే ఏ ఒక్క పుస్తకంలోనూ బడి మొత్తం కనిపించదు.

ఆ ఖాతాల్లో ఏముందో చూడండి. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు బడుల్లో వండిన అన్నం పెట్టాలంది. 2003 నుంచి మన బడుల్లో పొయ్యి వెలిగింది. వంటమ్మకు నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే అని 2009లో కేంద్రం ఖరారు చేసింది. అందులో కేంద్రం వాటా 600. ఆ తర్వాత గ్యాస్ ధర ఎక్కడికి పోయింది, నూనె ధర ఎక్కడికి పోయింది? ఆంధ్రప్రదేశ్ 2019లో దాన్ని 3,000 చేసింది. రోజుకు వంద రూపాయలు! మిర్చి కోతకు పోతే అంతకు ఎన్నో రెట్లు వస్తుంది. అయినా ఆమె పొయ్యి దగ్గరే ఉంది. ఆయా సంగతి ఇంకో రకం. ఆమె కూలి కోసం తల్లుల డబ్బులోంచే కోత పెట్టారు. 2021లో అమ్మఒడిలో 1,000 పట్టుకున్నారు. 2025లో తల్లికి వందనం 15,000లో 2,000 బడుల నిర్వహణకని పట్టుకుని 13,000 చేతిలో పెట్టారు. ప్రభుత్వ బడి ఊడ్చే మనిషి ప్రభుత్వ ఉద్యోగి కాదట. పేరు గౌరవ వేతనం, పని గొడ్డు చాకిరి. ఉద్యోగుల లెక్కలో పేరు ఎక్కితే కనీస వేతనం అడుగుతారు, పీఎఫ్ అడుగుతారు, సెలవు అడుగుతారు. పేరు ఎక్కకపోవడంలోని మర్మం ఇదే.

మన పాఠకులకు ఈ మర్మం కొత్త కాదు. 1969లో తెలంగాణ విద్యార్థి రోడ్డెక్కింది కొలువుల లెక్క తేలకనే. 1972లో ముల్కీ నిబంధనలపై సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అటు గుంటూరు, ప్రకాశంలో జై ఆంధ్ర అంటూ ఉద్యోగులు, విద్యార్థులు కదిలిందీ కొలువుల దగ్గరే. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు మూడో జోన్ అయ్యాయి. ఏ అభ్యర్థి ఎక్కడి స్థానికుడో తేల్చడానికి వరుసగా నాలుగేళ్లు ఏ బడిలో చదివాడో చూడమన్నారు. అంటే బడి రిజిస్టరే బతుకుతెరువు పత్రం! కల్లానికీ బడికీ నడుమ తిరిగే పిల్లాడి నాలుగేళ్లు ఎవరు రాస్తారు? ఇక 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. స్థానికేతరులు 58,962 మంది అని ఉద్యోగ సంఘాలు అన్నాయి, కాదని పాలకులు అన్నారు. 1986 మార్చి 31 కల్లా పూర్తి కావాల్సిన పని, 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసేదాకా లెక్క దగ్గరే ఆగింది. ఏ ఆఫీసులో ఎవరున్నారో పేరుపేరునా జనం ముందు పెట్టి ఉంటే అన్నేళ్లు పట్టేదా? లెక్క చేతిలో ఉన్నవాడిదే పెత్తనం. మనం నేర్చుకున్న పాఠం ఇదే.

ఇంగ్లండ్‌లో 2010 నుంచి ఏటా నవంబరులో బడి సిబ్బంది గణన జరుగుతోంది. టీచర్లతో పాటు తరగతిలో సాయం చేసేవాళ్లను, ఆఫీసు పని, ఇతర పనులు చేసేవాళ్లను అదే గణనలో రాస్తారు. అక్కడ అన్నీ బాగున్నాయని మేం అనడం లేదు. బడి అంటే అందులో పనిచేసే అందరూ అన్న ఎరుక ఆ లెక్కలో ఉంది. మన దగ్గర లేనిది అదే.

ఈ లెక్కలు రాసేది ఎవరన్నది ఇంకో ప్రశ్న. గుమాస్తా లేని బడిలో హెడ్మాస్టరే రాయాలి. ఒక్క టీచరే ఉన్న బడిలో ఆ టీచరే హెడ్మాస్టరు, ఆ టీచరే గుమాస్తా. జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులు చెప్పకూడదని 2009 విద్యా హక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. మరుగుదొడ్డి ఫొటో తీసి యాప్‌లో పెట్టే పని ఆ మూడింటిలో దేని కిందికి వస్తుందో చెప్పిన అధికారి లేడు. టీచర్ల సంఘాలు లెక్కలంటేనే విసిగిపోవడంలో న్యాయముంది. కానీ మిత్రులారా, లెక్కను వదిలేస్తే నష్టం మనకే. రాసే భారం తగ్గించాలని కొట్లాడదాం, లెక్క మాత్రం నిక్కచ్చిగా కావాలని అంతకంటే గట్టిగా కొట్లాడదాం.

మేం అడిగేవి నాలుగే. ఒకటి, ఆయా, వంటమ్మ, వాచ్‌మన్, కాంట్రాక్టు టీచరు సహా బడిలో పనిచేసే ప్రతి మనిషినీ టీచర్లతో పాటు ఒకే పట్టీలో రాయాలి. ఏ పద్దు నుంచి జీతం వస్తుందో, ఎంత వస్తుందో ఆ పట్టీలోనే ఉండాలి. రెండు, సెప్టెంబరులో ఒకసారి, మిర్చి కోతల కాలంలో ఫిబ్రవరిలో ఇంకోసారి లెక్క తీయాలి. మూడు, పైకి పంపిన లెక్కను తల్లిదండ్రుల కమిటీలో చదివి వినిపించాలి, పోస్టులు, ఖాళీలు బడి గోడ మీద రాయాలి. ఆధార్ నంబర్లు, సొంత వివరాలు గోడకెక్కనక్కర్లేదు. నాలుగు, లెక్కలు ఎక్కించడానికి బడుల సముదాయానికి ఒక గుమాస్తాను ఇవ్వాలి.

ఇవి ఆంధ్రలో ఎంత అవసరమో తెలంగాణలోనూ అంతే అవసరం. సర్కారు కదిలేదాకా చూస్తూ కూర్చోనక్కర్లేదు. ఉద్యోగ సంఘాలు, విద్యార్థి సంఘాలు తమ మండలంలో ఒక్కో బడికి పోయి సొంతంగా ఈ పట్టీ రాయాలి. ప్రభుత్వం లెక్క పక్కన మన లెక్క పెట్టి తేడా అడగాలి. వచ్చే మిర్చి కోతలకు ముందే ఆ పని మొదలుపెడదాం.