అటకెక్కని రైలు

బొమ్మ రైలు కొనడానికి డబ్బుంటే చాలు. నడపడానికి మాత్రం ఇల్లు కావాలి. మోడల్ రైల్వే అనే వ్యాపకం వేళ్లూనుకున్నది బ్రిటన్, జర్మనీ, అమెరికాల్లో. అమెరికాలోనైతే ఇంటి కింద సెల్లారు, పక్కన గ్యారేజీ దానికి ఆశ్రయమిచ్చాయి. మన దేశంలో దాన్ని కళ్లారా చూడాలంటే పుణె వెళ్లవచ్చు. బి.ఎస్. జోషి 1998లో అక్కడ ఏకంగా ఒక సూక్ష్మ రైళ్ల మ్యూజియమే తెరిచారు. అదే ముచ్చట డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో తీర్చుకోవాలంటేనే చిక్కు.

లెక్క చూస్తే ఆ చిక్కేమిటో తెలుస్తుంది. ప్రపంచంలో విరివిగా వాడే హెచ్‌వో స్కేల్‌లో ప్రతి వస్తువూ అసలు దానిలో 87వ వంతు ఉంటుంది. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే. అయినా 24 ఎల్‌హెచ్‌బీ బోగీలతో ఎక్స్‌ప్రెస్ తయారుచేస్తే ఇంజిన్ కాకుండానే ఆరున్నర మీటర్లు దాటుతుంది. ఇక వంపు సంగతి. 18 అంగుళాల వ్యాసార్ధంతో రైలు గుండ్రంగా తిరిగి రావాలంటే మూడడుగుల వెడల్పు దానికే పోతుంది. అందుకే చాలామంది 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ షీట్‌తో మొదలుపెడతారు. పదడుగుల గదిలో మూడో వంతు అక్కడే ఖర్చు. మంచం ఎక్కడ వేయాలన్నది ఇంట్లోవాళ్లు తప్పక అడిగే ప్రశ్న.

అంత చోటు ఇచ్చినా దక్కేది ప్రదక్షిణే. గుండ్రంగా తిరిగే రైలుకు బయల్దేరే ఊరు లేదు, చేరే ఊరూ లేదు. పిల్లలకు పది రోజుల్లో, పెద్దలకు నెల రోజుల్లో మొహం మొత్తుతుంది. ఆ తర్వాత అది పెట్టెలోకి, పెట్టె అటక మీదికి వెళ్లిపోతాయి.

దీనికి విరుగుడు బల్లను పెద్దది చేయడం కాదు, గోడకు ఒక అర కొట్టించడం. అడుగు వెడల్పు, నాలుగడుగుల పొడవు ఉన్న చెక్కను పాత బల్ల అంచు నుంచి గోడ వెంట సాగదీస్తే అదనంగా పోయేది నాలుగు చదరపు అడుగులే. బల్ల ఎత్తుగా ఉంటే ఆ అర కింద చదువుకునే మేజా కూడా పడుతుంది. పైగా రైలు కంటి ఎత్తుకు వస్తుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసినట్టు పక్క నుంచి కనిపిస్తుంది. పై నుంచి చూస్తే బొమ్మ అనిపించేదే పక్క నుంచి బండి అనిపిస్తుంది.

అసలు లాభం చోటులో లేదు, పనిలో ఉంది. బ్రిటన్‌కు చెందిన అలన్ రైట్ రూపొందించిన ‘ఇంగిల్‌నుక్’ అనే చిన్న యార్డు ఇందుకు మంచి ఉదాహరణ. అందులో రెండే పాయింట్లు, మూడే సైడింగులు. ఒకదానిలో ఐదు వ్యాగన్లు, మిగతా రెండింటిలో మూడేసి పడతాయి. ఇంజిన్ వెనక్కి లాగే లైనులో ఇంజిన్‌తో పాటు మూడు వ్యాగన్లకే చోటు. మొత్తం వ్యాగన్లు ఎనిమిది. చీట్లు తీసి, వచ్చిన ఐదింటిని వచ్చిన వరసలోనే నిలబెట్టాలి. ఎనిమిదింటిలో ఐదింటిని వరస పెట్టడానికి 6,720 మార్గాలున్నాయి. అంటే రోజుకొకటి చొప్పున ఆడినా పద్దెనిమిదేళ్లు మళ్లీ అదే ఆట రాకుండా చూసుకోవచ్చు. చోటు ఇరుకే ఇక్కడ ఆటకు ప్రాణం. వెనక్కి లాగే లైను ఒక్క వ్యాగన్ పొడవు పెరిగినా చిక్కుముడి సగం వదులైపోతుంది.

వెనక్కి లాగే ఆ లైనును పాత బల్ల మీదే ఉంచితే మరో మెలిక కలుస్తుంది. షంటింగ్ జరుగుతున్నంతసేపూ మెయిన్ లైను మీద ఎక్స్‌ప్రెస్ ఆగాలి. లేదా ఎక్స్‌ప్రెస్ వెళ్లేదాకా గూడ్సు కాచుకోవాలి. లైన్ క్లియర్ అనే మాటకు అర్థం అప్పుడు తెలుస్తుంది.

పని కష్టమైనదేమీ కాదు గానీ తొందరపాటు పనికిరాదు. గోడలో దిగిన బ్రాకెట్ల మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరిచాక రసమట్టంతో చూసుకోవాలి. రవ్వంత వాలున్నా, విడిచిన వ్యాగన్ తనంతట తానే కదిలిపోతుంది. బల్ల, అర కలిసే చోట రెండు చెక్కలనూ బోల్టులతో బిగించి, పట్టాను ఒకే ముక్కగా వేసి, రెండు వైపులా కదలకుండా అతికాకే కోయాలి. ముందే కోసి తర్వాత కలపబోతే వెంట్రుకవాసి తేడాకు కూడా చక్రం దిగిపోతుంది. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది కనుక రెండు ముఖాలకూ రంగు పూయాలి. ఎండకు పట్టా సాగుతుంది కనుక అతుకుల దగ్గర విజిటింగ్ కార్డు మందాన సందు వదలాలి. అసలు రైల్వేకు ఉన్న తలనొప్పులన్నీ ఇక్కడా ఉన్నాయి, 87వ వంతులో.

పొదుపు మరో కారణం. ఇక్కడ దొరికే మంచి మోడళ్లలో ఎక్కువ భాగం దిగుమతివే. స్కేల్ మోడళ్లు కస్టమ్స్ లెక్కలో బొమ్మల పద్దులోకే వస్తాయి. 20 శాతం ఉన్న ఆ సుంకాన్ని 2020 బడ్జెట్ 60కి, 2023 బడ్జెట్ 70 శాతానికి పెంచాయి. దేశీయ బొమ్మల పరిశ్రమకు అండగా తెచ్చిన ఈ గోడ, ఇక్కడ ఎవరూ పెద్దగా తయారుచేయని పాయింట్లకూ అడ్డుగా నిలిచింది. కొత్త ఇంజిన్, పొడవాటి రైలు కొనలేనివారికి రెండు పాయింట్లు, ఎనిమిది వ్యాగన్లతో తీరే ముచ్చట చిన్నదేమీ కాదు.

ఇంతకూ ఆ అర మీద జరిగేది అసలు రైల్వే చాలావరకు మానేసిన పని. ఒకప్పుడు చిన్న స్టేషన్లలో కూడా గూడ్సు షెడ్డు, పక్కన సైడింగు ఉండేవి. పికప్ గూడ్సు వచ్చి ఒక వ్యాగన్ వదిలి, మరొకటి తగిలించుకుని పోయేది. 1980ల నుంచి భారతీయ రైల్వే విడి వ్యాగన్లను తగ్గించి, ఒకే సరుకుతో మొత్తం రేకును ఒకచోటి నుంచి మరోచోటికి పంపే పద్ధతికి మళ్లింది. బొగ్గుకూ సిమెంటుకూ అది లాభమే. వ్యాగన్లు యార్డుల్లో రోజుల తరబడి నిలవడం తగ్గింది. కానీ ఒక్క వ్యాగన్‌కు సరిపడా బెల్లమో పత్తో పంపే వర్తకుడు లారీ చూసుకోవలసి వచ్చింది. చిన్న స్టేషన్ల సైడింగుల్లో గడ్డి మొలిచింది.

చుక్‌చుక్ బండి కోసం కన్నీరు పెట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. పాయింట్లు మార్చి, కప్లింగ్ విప్పి, జెండా ఊపిన మనుషుల పనిని గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ. ఆ పనిలో ఎంత లెక్క, ఎంత ఓర్పు ఉన్నాయో పుస్తకం చదివితే తెలియదు. మూడో వ్యాగన్‌ను బయటికి తీయడానికి ముందు రెండింటిని ఎక్కడ పెట్టాలో తోచక అరగంట బుర్ర గోక్కుంటే తెలుస్తుంది. అందుకు అడుగు వెడల్పు చెక్క చాలు.